పది రోజుల విపశ్యన కోర్సు: మౌనం కోసమే వెళ్ళాలనుకునే వాళ్ళకి నా రివ్యూ

కోర్సు చేసొచ్చి మూడు నెలలైంది, రాగానే రాస్తే ఆ ఊపులో ఏదేదో రాసేస్తానని ఇన్నాళ్ళు ఆగాను. ఇది గోయెంకా గారి పద్ధతిలో జరిగే కోర్సు. ఆయన బర్మాలో పుట్టి అక్కడే ఊ బా ఖిన్ అనే గురువు దగ్గర నేర్చుకుని 1969లో ఇండియాలో నేర్పడం మొదలుపెట్టారు, 2013లో పోయారు కానీ ఇప్పటికీ అన్ని చోట్లా ఆయన రికార్డింగులతోనే కోర్సు నడుస్తుంది, ఏ దేశంలో చేసినా అదే టైంటేబులు. ఫీజు ఉండదు, కోర్సు పూర్తి చేసినవాళ్ళు ఇవ్వాలనిపిస్తే విరాళం ఇస్తారు. ధ్యానం ఎలా చేయిస్తారో చాలామంది రాసేశారు కాబట్టి నేను మౌనం గురించే రాస్తా, నేను వెళ్ళిందే దానికోసం.

అసలు నాకు మౌనం అలవాటే అనుకునేదాన్ని. రెండేళ్ళుగా వారానికి ఒక పూట మాట్లాడకుండా ఉంటున్నా, కాకపోతే కావాల్సింది చీటీ మీద రాసి చూపించేదాన్ని, పిల్లల్ని కళ్ళతోనే గదిమేదాన్ని, ఫోన్లో మెసేజిలు పెడుతూనే ఉండేదాన్ని. గాంధీ గారు కూడా సోమవారాలు మౌనంలో ఉంటూ చీటీల మీదే రాసేవారు కదా, మెహెర్ బాబా 1925 జులై 10న మౌనం పట్టి 1969లో దేహం వదిలేదాకా నోరు విప్పలేదు, ఆయనా మొదట్లో అక్షరాల పలక మీద వేలు పెట్టి చూపించేవారు, తర్వాత సైగలతో చెప్పేవారు. వాళ్ళ స్థాయి వేరు, వాళ్ళ కోసం ఎదురుచూసే జనం ఉన్నారు. నా సంగతికొస్తే నోటి దగ్గర ఆపిన మాట చేతుల్లోంచి, కళ్ళల్లోంచి బయటికి వచ్చేస్తూనే ఉందని ఇక్కడికి వెళ్ళాకే అర్థమైంది.

ఇక్కడ పాటించేదాన్ని ఆర్య మౌనం అంటారు. మాట లేదు, సైగ లేదు, చీటీ లేదు, పక్కవాళ్ళ కళ్ళల్లోకి చూడటం కూడా మానుకోమంటారు. ఫోను, పుస్తకాలు, పెన్ను ముందే తీసుకుని దాచేస్తారు. ఏదైనా అవసరం ఉంటే ధమ్మ సేవకులకి, అంటే కోర్సులో సేవ చేసే స్వచ్ఛంద కార్యకర్తలకి చెప్పొచ్చు, ధ్యానంలో సందేహాలుంటే మధ్యాహ్నం ఆచార్యుల్ని అడగొచ్చు, అంతే. పొద్దున 4 గంటలకి గంట కొడతారు, రాత్రి 9:30కి లైట్లు తీసేస్తారు, మధ్యలో దాదాపు పది గంటలు కూర్చోవడమే.

రెండో రోజు జరిగిన చిన్న విషయం చెప్తా. నా గదిలో ఇంకొకావిడ ఉన్నారు, నాకన్నా కొంచెం పెద్దావిడ. తీగ మీద ఆరేసిన ఆవిడ టవల్ గాలికి కింద మట్టిలో పడింది. నేను తీసి, జాడించి, మళ్ళీ ఆరేసి వచ్చా. అక్కడితో అయిపోవాలి. కానీ మధ్యాహ్నం 2:30కి హాల్లో కూర్చున్న దగ్గర్నుంచి "అక్కా, మీ టవల్ పడిపోతే నేనే ఉతికి ఆరేశా" అన్న ఒక్క ముక్క లోపల తిరగడం మొదలైంది, గంటసేపు శ్వాస మీద మనసు నిలవలేదు, ఒకసారి నెమ్మదిగా, ఒకసారి నవ్వుతూ, ఒకసారి ఏదో మాటల మధ్యలో అన్నట్టుగా, ఎలా చెప్తే బాగుంటుందా అని రకరకాలుగా అనుకుంటూనే ఉన్నా. ఆవిడకి తెలియాల్సిన అవసరమే లేదు, టవల్ ఆరిపోయింది కూడా. నేను చేశానని ఆవిడకి తెలియాలి, అదీ నా ఆరాటం. రోజూ నేను మాట్లాడేదాంట్లో ఇలాంటిది ఎంత ఉంటుందో అని అప్పుడు మొదటిసారి అనిపించింది, బాధగా కూడా అనిపించింది.

మూడో రోజుకి ఇంకా లోతైనవి పైకి వచ్చాయి. నాలుగేళ్ళ క్రితం మా తమ్ముడితో జరిగిన గొడవ మొదటినుంచి చివరిదాకా సినిమాలా నడిచింది, పదిసార్లు నడిచింది. ఇంట్లో అయితే ఎవరితోనో మాట్లాడో ఫోన్ పట్టుకునో దాటేసేదాన్ని, ఇక్కడ దాటడానికి ఏమీ లేదు కదా, దాంతో పూర్తిగా వినాల్సొచ్చింది, వింటే తెలిసిందేంటంటే నేను గుర్తుపెట్టుకున్న ఆ గొడవలో వాడికి రెండే రెండు మాటలున్నాయి, మిగతాదంతా నేనే మాట్లాడుతున్నా. వాడు ఆరోజు అంత తక్కువ మాట్లాడి ఉండడు. మిగిలినవి నేను విననే లేదు.

భగవద్గీత 17వ అధ్యాయంలో మూడు రకాల తపస్సులు చెప్తారు, శరీరంతో చేసేది, వాక్కుతో చేసేది, మనసుతో చేసేది. మౌనం ఎవరైనా వాక్కు కిందే వస్తుందనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నా. కానీ వాక్కు శ్లోకంలో ఉన్నది ఎదుటివాళ్ళని నొప్పించకుండా నిజం, ప్రియం, హితం అయిన మాట చెప్పడం గురించి. మౌనం దాని తర్వాతి శ్లోకంలో, 16లో, మనసు తపస్సు కింద ఉంది. చిన్నప్పటినుంచి చదివిన శ్లోకమే, దాని అర్థం నాకు ఆ మూడో రోజు రాత్రి పట్టింది.

మొదటి మూడు రోజులూ శ్వాసని గమనించడమే, నాలుగో రోజు అసలు విపశ్యన, అంటే ఒంట్లో ఎక్కడ ఏమనిపిస్తుందో గమనించడం నేర్పిస్తారు, అక్కడినుంచి రోజుకి మూడుసార్లు గంటసేపు కదలకుండా కూర్చునే అధిష్ఠానం ఉంటుంది. మోకాళ్ళు బాగా నొప్పెడతాయి, కూర్చోలేని వాళ్ళు కుర్చీ అడగొచ్చు, మొహమాటపడకండి. ఏడో రోజుకి లోపలి మాట ఆగిపోయిందని చెప్పను, పలచబడింది. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య సందు కనిపించేది, ఆ సందులో ముక్కు కొసన గాలి లోపలికి వెళ్ళేటప్పుడు చల్లగా, వచ్చేటప్పుడు వెచ్చగా ఉండటం తెలిసేది, ఫ్యాను తిరుగుతున్న చప్పుడు అలాగే వినబడేది, దాని మీద నేను ఏమీ అనుకోకుండా. ఎన్నో ఏళ్ళ పూజల్లో నాకు దొరకని ప్రశాంతత అది, ఇది రాస్తున్నప్పుడు కూడా కళ్ళు చెమరుస్తున్నాయి.

పదో రోజు పొద్దున అందరూ బాగుండాలని కోరుకునే మైత్రి ధ్యానం అయ్యాక మౌనం తీసేస్తారు. నాకు ఈ ఒక్కటి కష్టంగా అనిపించింది, హాలు బయటికి రాగానే ఒక్కసారిగా అందరూ గట్టిగా మాట్లాడుకోవడం, నాకు తల దిమ్మెక్కి చెట్టు కిందకి వెళ్ళి కూర్చున్నా. నేరుగా ఇంటికెళ్తే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది కాబట్టే ఈ ఒక రోజు మధ్యలో ఉంచారట, ఇంటికెళ్ళాక ఒప్పుకున్నా. టవల్ సంగతి మాత్రం ఆవిడకి చెప్పలేదు.

మానసికంగా బాగా దెబ్బతిని ఉన్నవాళ్ళు, మందులు వాడుతున్నవాళ్ళు అప్లికేషన్లో దాచకుండా రాయండి, ముందు మీ డాక్టర్ని అడగండి, ఇంత నిశ్శబ్దం అందరికీ అన్నివేళలా మంచిది కాదు. మధ్యలో వచ్చేద్దాంలే అనుకుని కూడా వెళ్ళొద్దు, పది రోజులూ ఉంటామనే మాట తీసుకుంటారు. కోర్సయ్యాక పొద్దున గంట సాయంత్రం గంట కూర్చోమంటారు, నాకు పొద్దున గంటే కుదురుతోంది. వారానికో పూట మౌనం ఇప్పుడు చీటీల్లేకుండా, ఫోన్ లేకుండా చేస్తున్నా, పిల్లలకి ముందురోజే చెప్పేస్తా.

ఇంకోటి, వెళ్ళేముందు ఇంట్లోవాళ్ళకి సెంటర్ ఆఫీస్ నంబర్ ఇచ్చి వెళ్ళండి, నిజంగా అర్జెంటైతే వాళ్ళే మనకి చెప్తారు. నేను ఇవ్వడం మర్చిపోయా, మొదటి రోజంతా ఇంట్లో ఏమైందో ఏమిటో అని కూర్చున్నా, సాయంత్రం సేవకురాలికి చెప్తే ఆవిడే ఇంటికి ఫోన్ చేసి నంబర్ ఇచ్చారు, అప్పటికి గానీ నా మనసు కుదుటపడలేదు.