పాత బంకు స్థలం కొనేవాళ్లూ, ఈ "క్లీన్ రిపోర్టు" వాళ్లతో జాగ్రత్త

విశాఖలో మూసేసిన పెట్రోల్ బంకు స్థలాలు కొంటున్నవాళ్లు, లీజుకి తీసుకుంటున్నవాళ్లు ఇది చదివాకే అడ్వాన్సు ఇవ్వండి. మట్టీ నీళ్లూ పరీక్ష చేసి, శుభ్రం కూడా చేసిపెడతామని తిరిగే ఆ ఆకుపచ్చ కార్డు వాళ్లు మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. గాజువాక వైపు నా స్థలం, పాత ఇనప ట్యాంకులు, నీళ్లు పరీక్షించడానికి మూడు బోర్లు, రిపోర్టుతో కలిపి 1,80,000. లక్షన్నర ముందే ఇచ్చేశాను. ఈ పని తెలిసుండి కూడా దగ్గరుండి చూసుకోలేదు. తిడితే ముందు నన్నే తిట్టాలి.

నీళ్లు 14 అడుగుల్లోనే తగిలాయి. ఈ మహానుభావులు 25 నుంచి 40 అడుగుల దాకా స్లాట్లు (నీళ్లు లోపలికొచ్చే సన్న కన్నాలు) ఉన్న పైపు దింపి, పైనంతా ఉత్త పైపు వేశారు. పెట్రోలు నీళ్లకన్నా తేలిక, లీటరు ముప్పావు కిలో అటూఇటూ తూగుతుంది, అంచేత నీటిమట్టం మీద తేలుతుంది. కన్నాలు దానికి 11 అడుగుల కింద పెడితే పైపులోకి ఎలా వస్తుంది? "తేలే ఆయిల్ జాడే లేదు సార్" అని ఫోటో కూడా పంపారు. తలుపు పెట్టకుండా చుట్టం రాలేదన్నట్టుంది! స్లాట్లు మట్టానికి పైనా కిందా కూడా ఉండాలి. మే నెలలో అడుగంటే నీరు అక్టోబరు వానలకి ఎంత లేస్తుందో చూసుకుని అంత పొడవు వదలాలి. లేచీ దిగే ఆ మధ్య మట్టిలోనే పెట్రోలు అంటుకుని కూర్చుంటుంది. వీళ్లు పెట్రోలు ఆవిరిని పసిగట్టే పీఐడీ మీటరు పెట్టింది పైన మూడడుగుల మట్టికి. పైనుంచి నీరు దిగకుండా పైపు చుట్టూ వేసే బంకమట్టి, అదే బెంటొనైట్ సీలు కూడా లేదు, కంకర నేల దాకా పోసేశారు. వానొస్తే రోడ్డు మీది మురికి నేరుగా బోర్లోకే.

శాంపిలు తీసిన తీరు ఇంకా ఘనం. బోరు కడగలేదు, నిలవ నీళ్లు తోడి పారబోయలేదు. నీళ్లు తోడే సన్న గొట్టం, బైలర్‌ని దభీమని వదిలి, గిలక్కొట్టి పైకి లాగి, లీటరు మంచినీళ్ల సీసాలో ముప్పావు వంతు పట్టాడట కుర్రాడు. స్కూటీ మీద కాళ్ల దగ్గర పెట్టుకుని మిట్టమధ్యాహ్నం ఎండలో తీసుకెళ్లాడు. పెట్రోల్లో ఉండే బెంజీన్ ఆవిరయ్యే సరుకు, సీసాలో ఖాళీ ఉంటే ఆ గాల్లోకి పోతుంది. పట్టాల్సింది 40 మిల్లీలీటర్ల గాజు వయల్లో, బుడగ కూడా లేకుండా. పీహెచ్ 2 లోపు ఉండేలా ఆమ్లం చుక్కలు వేసి, ఐసులో పెట్టి, 14 రోజుల్లోగా పరీక్ష అవ్వాలి.

రిపోర్టులో "బెంజీన్: బీడీఎల్", అంటే పరీక్షకి అందనంత తక్కువట. సంబరపడ్డాను! తర్వాత కింద సన్నక్షరాలు చూస్తే డిటెక్షన్ లిమిట్, అంటే ఆ పరీక్ష పట్టగలిగే కనీస మోతాదు, లీటరుకి 0.1 మిల్లీగ్రాములు. తాగే నీళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దే 0.01. పదింతలున్నా వాళ్లకి కనపడదన్నమాట.

అనుమానమొచ్చి వాళ్ల పైపు పక్కనే 8 నుంచి 20 అడుగుల మధ్య స్లాట్లతో ఇంకో బోరు వేయించాను. పారదర్శక బైలర్‌లో నాలుగు వేళ్ల మందాన పెట్రోలు! (పైపులో కనపడే మందం మట్టిలో ఉన్నదానికన్నా ఎక్కువే ఉంటుంది, నిజమే. కానీ "జాడే లేదు" కాదు కదా.) ఫోన్ చేసి అడిగితే ఏమన్నాడో తెలుసా? "మీకు కావాల్సింది క్లీన్ రిపోర్టే కదండీ, ఇచ్చాం కదా. స్థలం అమ్ముకోడానికే కదా ఇదంతా." ఒక్క నిమిషం నోట మాట రాలేదు. పక్కింటివాళ్లు తాగే నుయ్యి 60 అడుగుల దూరంలో ఉంది.

నీళ్లు క్లీన్ అని రాసిన వాళ్లే ట్రీట్‌మెంట్‌కి కొటేషన్ కూడా పంపారు చూడండి, పర్మాంగనేట్ అనే ఊదారంగు రసాయనం పోస్తారట. డ్రై క్లీనింగ్ ద్రావకాల్లాంటి కొన్ని క్లోరిన్ ద్రావకాలకి అది పనికొస్తుంది గానీ బెంజీన్‌ని దాదాపు ముట్టుకోదు. నీళ్లు ఊదారంగుకి తిరుగుతాయి, మనకి బిల్లు మిగులుతుంది. "బ్యాక్టీరియా పొడి" ఇంకోటి. పెట్రోలు తినే సూక్ష్మజీవులు మట్టిలో మామూలుగానే ఉంటాయి, వాటికి లేనిది ఆక్సిజన్. అవి కిలో బెంజీన్ తినాలంటే మూడు కిలోల ఆక్సిజన్ కావాలి. అది ఎలా అందిస్తారని అడిగితే జవాబు లేదు.

ట్యాంకు గుంటలో వాసనొచ్చే మట్టి రెండు ట్రాక్టర్లు పట్టుకెళ్లారు, పరవాడ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి అన్నారు. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం ఉండాల్సిన ఫారం 10 మేనిఫెస్టు, అంటే సరుకు ఎక్కణ్ణించి ఎక్కడికి పోయిందో చూపే కాగితం, ఇప్పటిదాకా ఇవ్వలేదు. ఏ గెడ్డలో పోశారో!

మీరు చేయించుకుంటే, బోరు వేసే రోజు సైటులోనే ఉండండి, స్లాట్లు ఎన్నడుగుల నుంచి ఎన్నడుగులో కాగితం మీద రాయించుకోండి. ల్యాబ్‌ని డిటెక్షన్ లిమిట్ ముందే అడగండి. శాంపిలు మీరే పంపండి.

బ్యాలెన్స్ ముప్ఫై వేలు నా దగ్గరే ఉంది. రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఎత్తట్లేదు.