బస్సు మోతలో తొప్పి నాదం: చాలాకాలం వాడిన హెడ్‌ఫోన్ గురించి

ఈ హెడ్‌ఫోన్ బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, బ్లూటూత్ ఏ తరానిది అన్న సంగతులు ఇప్పటికే అందరూ రాశారు కనుక వాటి జోలికి వెళ్లను. బయటి రొదను అణచే సదుపాయం గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే దాని పుణ్యమా అని సిటీ బస్సులో కూర్చుని కూడా నేను మృదంగానికి ఎడమవైపున మంద్రంగా మోగే తొప్పి నాదాన్ని వినగలిగాను.

ఈసీఐఎల్ నుంచి గచ్చిబౌలి వెళ్లే దారిలో కచేరీలు వినడం నాకు ఏళ్లనాటి అలవాటు. బస్సు ఇంజను మోత మంద్రంగా ఉంటుంది కాబట్టి సంగీతంలో అది ముందుగా మింగేసేది మంద్రధ్వనులనే. పాత ఇయర్‌ఫోన్లలో కుడిచేతి దెబ్బలు స్పష్టంగా వినబడేవి గాని, ఎడమచేతి తొప్పి కావాలంటే వాల్యూమ్ పెంచక తప్పేది కాదు. ఈ హెడ్‌ఫోన్ మైకులు బయటి శబ్దాన్ని పడితే, లోపలి స్పీకరు దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని పుట్టిస్తుంది. ఆగకుండా సాగే మంద్రమైన మోత మీద ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. దాంతో తొప్పి, తంబురా శ్రుతి రెండూ సగం వాల్యూమ్‌లోనే దక్కాయి.

ఇది కేవలం ఆనందానికి సంబంధించిన విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించే పరిమితి 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు. ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది, అంటే 90 దగ్గర మిగిలేది వారానికి సుమారు 4 గంటలే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు ఒకసారి చనిపోతే మనుషుల్లో మళ్లీ పుట్టవు.

మొన్నటి వానాకాలంలో తడిసి ఎడమవైపు బయటి మైకు చెడిపోయింది. బస్సు కుదిపినప్పుడల్లా చెవిలో ఒక బొంగురు గుర్రుమోత మొదలయ్యేది. సర్వీస్ సెంటర్ వారు వారాల తరబడి ఉంచుకుని, ఆ వైపు భాగమంతా మార్చాలని చెప్పి, గ్యారంటీకి నీటి తడి వర్తించదంటూ డబ్బు తీసుకున్నారు. ఇంత ధర పెట్టి కొన్న వస్తువు హైదరాబాదు వానకు ఆగలేకపోవడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది. ఆ రోజుల్లో పాత ఇయర్‌ఫోన్లతో వాల్యూమ్ మళ్లీ పైకెక్కింది. బస్సు దిగాక చెవుల్లో సన్నని కూత రాత్రి దాకా ఉండేది. చెవి నుంచి అందే సమాచారం తగ్గినప్పుడు మెదడు తన వైపు నుంచి గ్రహణశక్తిని పెంచుకోవడమే ఇలాంటి కూతకు ముఖ్య కారణమని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. హెడ్‌ఫోన్ తిరిగి వచ్చాక ఆ కూత రాలేదు.

కొన్న కొత్తలో నగరమే మాయమైందని స్నేహితులకు చెప్పాను గాని, హారన్లు, కండక్టరు కేకలు, పక్కవారి మాటలు లోపలికి వస్తూనే ఉంటాయి. రోడ్డు దాటేవారికి అది మంచిదే. సంగీతం లేకుండా ఇంట్లో చాలాసేపు పెట్టుకుంటే చెవిలో ఒత్తిడిగా అనిపించి, తీశాక కుక్కరు కూత కూడా కటువుగా తోచింది, కాబట్టి ఇంట్లో ఆ సదుపాయాన్ని ఆపేస్తున్నాను.

నా ప్రయాణం పొడవైనది, బస్సులోనిది, నేను వినేది కర్ణాటక సంగీతం. అందుకే నాకు ఇది విలువైనదిగా ఉంది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో, తలుపులు మూసిన ఏసీ పెట్టెలో వెళ్లేవారికి ఇంత ఖర్చు అవసరం కాకపోవచ్చు. చెవుల్లో కూత తగ్గకుండా ఉన్నవారు ఏదైనా కొనేముందు వినికిడి పరీక్ష చేయించుకోవాలి. కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. మార్చిన మైకు ఇంకొక వానాకాలం నిలబడితే మళ్లీ ఇదే కొంటాను, నిలబడకపోతే తడికి తట్టుకునే వేరే రకం చూస్తాను.