ఒంటారియో మిడ్‌వైఫ్‌ల రిజిస్టరు: గర్భిణులకు అక్కరకొచ్చే సేవ

మా చెల్లెలు కడుపుతో ఉంది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో డాక్టరుకు బదులు మిడ్‌వైఫ్ (శిక్షణ పొంది పురుడు పోసే నిపుణురాలు) దగ్గరే పురుడు పోసుకుంటానంటే నా గుండె గుభేలుమంది. వెంటనే అక్కడి మిడ్‌వైఫ్‌ల నియంత్రణ సంస్థ వెబ్‌సైటులో రిజిస్టరు తెరిచాను. మిడ్‌వైఫ్ పేరు కొడితే చాలు. ఆమెకు ప్రస్తుతం రిజిస్ట్రేషన్ ఉందా, దానిపై షరతులేమైనా ఉన్నాయా, క్రమశిక్షణ చర్యలు జరిగాయా అన్నీ కనిపిస్తాయి. పైసా ఖర్చు లేదు.

ఇది ఊరికే వచ్చింది కాదు. 1980లలో ఒంటారియో మిడ్‌వైఫ్‌లకు చట్టబద్ధమైన గుర్తింపే లేదు. వాళ్లూ, వాళ్లను నమ్మిన తల్లులూ పట్టువదలకుండా పోరాడారు. 1991లో మిడ్‌వైఫరీ చట్టం వచ్చింది, 1993 డిసెంబరు 31న అమల్లోకి వచ్చింది. అప్పటినుంచి ప్రమాణాలు నిర్ణయించడం, ఫిర్యాదులు విచారించడం ఆ వృత్తి సొంత సంస్థ బాధ్యతే.

తమవాళ్ల తప్పులను తామే విచారిస్తే న్యాయం జరుగుతుందా? నాకూ ఈ అనుమానం వచ్చింది. అయితే పాలకమండలిలో మిడ్‌వైఫ్‌లతో పాటు ప్రభుత్వం నియమించిన సామాన్య పౌరులూ కూర్చుంటారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ప్రసవం గురించి తెలిసినవాళ్లూ ఉండాలి, బయటినుంచి నిలదీసేవాళ్లూ ఉండాలి.

ఓపిక, మాటతీరు రిజిస్టరులో దొరకవు. వాటికోసం మనిషిని కలవాల్సిందే. ఇంటి దగ్గర ప్రసవం మధ్యలో ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే వెంట ఎవరుంటారో కూడా అప్పుడే అడగండి.