మా వీధి చివర జనౌషధి కేంద్రం, అమ్మ మందులన్నీ ఇప్పుడు ఇక్కడే

అమ్మకి బీపీ, షుగర్, థైరాయిడ్ మూడూ ఉన్నాయి. రెండు నెలల కింద ఎప్పుడూ కొనే మెడికల్ షాపులో బీపీ మందు టెల్మిసార్టాన్ 40 అయిపోయిందని వేరే కంపెనీది ఇచ్చి "అదే మందమ్మా, కంపెనీయే వేరు" అన్నారంట, అమ్మ నమ్మి వేసుకుంది. నాలుగో రోజుకి రాత్రంతా బాత్రూంకి లేవడం, పొద్దున్నే మంచం దిగితే కళ్ళు తిరగడం. నేను స్ట్రిప్ తీసి చూస్తే పేరు పక్కన హెచ్ అని చిన్న అక్షరం. అంటే హైడ్రోక్లోరోథయజైడ్ కూడా కలిపింది, ఒంట్లో నీళ్ళూ ఉప్పూ బయటికి పంపేసే మందు. నాకు చేతులు వణికాయి.

డాక్టర్ గారికి ఫోన్ చేస్తే వెంటనే ఆపమన్నారు. చీటీలో బ్రాండ్ రాస్తే షాపు వాళ్ళు సొంతంగా ఇంకోటి ఇవ్వకూడదని, షెడ్యూల్ హెచ్ మందులకి, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన వాటికి, ఆ రూల్ ఉందని అప్పుడే తెలిసింది. ఆయనే కొత్త చీటీలో బ్రాండ్ కాకుండా మందు అసలు పేర్లు రాసి, ఆ పేర్లతోనే తక్కువ రేటుకి మందులు అమ్మే ప్రభుత్వ పథకం షాపు, జనౌషధికి వెళ్ళమన్నారు.

షాపు చిన్నదే, ఇద్దరు నిలబడితే నిండిపోతుంది. కానీ అక్కడి ఫార్మసిస్ట్ అమ్మాయి మా పాత స్ట్రిప్, వాళ్ళ స్ట్రిప్ పక్కపక్కన పెట్టి పెన్నుతో చూపించింది, ఇక్కడ పేరు ఒకటే, ఇక్కడ ఎంజీ ఒకటే, ఎక్స్‌పైరీ ఇదిగో అని. ఇంత తక్కువ రేటుకి పనిచేస్తుందా అని అమ్మ అడిగితే విసుక్కోకుండా, ఇందులో బ్రాండ్ ప్రచారం ఖర్చు ఉండదు ఆంటీ అని చెప్పింది. మామూలుగా బ్రాండ్ కన్నా 50 నుంచి 80 శాతం దాకా తక్కువకే వస్తాయి, మాకైతే బిల్లు సగానికి పైనే తగ్గింది.

నాకు బాగా నచ్చింది ఏంటంటే థైరాయిడ్ మందు మాత్రం ఆ అమ్మాయి మార్చలేదు, అది కంపెనీ మారితే డాక్టర్‌కి చెప్పి ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్త పరీక్ష చేయించుకోవాలి, ఇప్పుడు సరిపోతున్నదే వాడండి అంది, అమ్ముకోవచ్చు కదా, అమ్మలేదు.

అన్ని మందులూ దొరకవు, అది తెలిసే వెళ్ళండి. జనౌషధి వాళ్ళ సుగం యాప్‌లో మందు పేరు కొడితే ముందే రేటు తెలుస్తుంది. చీటీతో పాటు పాత ఖాళీ స్ట్రిప్ కూడా పట్టుకెళ్ళండి. నా రేటింగ్ 5కి 5.