బ్యాంకాక్‌లో మకాం ఎక్కడ: ఖావో సాన్ వీధిలోనా, రైలు దారిలోనా?

హైదరాబాద్‌లో రాత్రి విమానం ఎక్కితే తెల్లవారేసరికి బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయంలో దిగుతాం. గది తాళం మధ్యాహ్నం దాకా చేతికి రాదు. వీపున సంచి, కళ్లలో నిద్ర. ఆ పూట ఎంత తిప్పలు పడతామన్నది మకాం ఎక్కడ పెట్టామన్న దాన్ని బట్టే ఉంటుంది. పొదుపుగా వెళ్లేవాళ్లు ఎక్కువగా రెండు చోట్ల దిగుతారు. ఒకటి పాతబస్తీలోని ఖావో సాన్ వీధి. రెండోది ఫయా థాయ్, ఆన్ నట్ లాంటి స్టేషన్ల చుట్టుపక్కల, బీటీఎస్ అనే ఆకాశ రైలు వెళ్లే దారి.

ఖావో సాన్ అంటే థాయి భాషలో బియ్యం. ఒకప్పుడు అది బియ్యం బజారు. ఇప్పుడు అక్కడ బియ్యం తప్ప అన్నీ దొరుకుతాయి. నాలుగు వందల మీటర్ల వీధి, రాత్రంతా పాటల మోత. చవకగా వచ్చిందని వీధి మీదికే కిటికీ ఉన్న గది తీసుకుని, అర్ధరాత్రి దాటాక కూడా మంచం అదురుతుంటే పైకప్పు చూస్తూ పడుకున్నాను. అలాగని ఆ పేట మొత్తాన్నీ కొట్టిపారేయనవసరం లేదు. పక్కనే ఉన్న ఫ్రా ఆథిత్ వైపుకో, కాలువ దాటి సామ్‌సేన్ సందుల్లోకో వెళితే పొద్దున్నే వినిపించేది చీపురు చప్పుడే.

పాతబస్తీలో అసలు లాభం కాళ్లకు దక్కుతుంది. రాజప్రాసాదానికి నడిచే వెళ్లవచ్చు. టికెట్టు 500 బాత్‌లు, అంటే బాత్‌కు మూడు రూపాయలకు కాస్త తక్కువ చొప్పున లెక్క వేసుకోండి. ఖరీదే, కానీ లోపలి వసారా గోడల మీద 178 చిత్రాల్లో రామాయణం ఉంది. థాయివారి కథలో హనుమంతుడు బ్రహ్మచారి కాడు, సముద్రంలో మత్స్యకన్యతో ప్రేమలో పడతాడు. మా నాయనమ్మకు ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు. అక్కడి నుంచి వాట్ ఫో గుడి దాకా నడక, ఆపైన అయిదు బాత్‌ల పడవలో నది దాటితే వాట్ అరుణ్ గుడి.

ఖావో సాన్ పేటకు లోటల్లా దగ్గర్లో రైలు లేకపోవడమే. సాయంత్రం టాక్సీ ఎక్కితే మీటరు కదులుతుంది, బండి కదలదు. విరుగుడు నీళ్లలో ఉంది. ఖావో సాన్‌కు తూర్పున సేన్ సేప్ కాలువ పడవ నడుస్తుంది. టికెట్ల మనిషి తలకు హెల్మెట్టు పెట్టుకుని పడవ అంచు మీదే నడుస్తూ డబ్బులు వసూలు చేస్తాడు. మురుగునీరు చిందితే పక్కవాళ్లు తాడు లాగి ప్లాస్టిక్ తెర ఎత్తుతారు. కొద్ది బాత్‌లతో హువా చాంగ్ రేవులో దిగితే సియామ్ మాల్స్ దగ్గరే. చీకటి పడ్డాక మాత్రం ఈ పడవల మీద ఆశ పెట్టుకోవద్దు. చావో ఫ్రయా నదిలోనైతే నారింజ జెండా పడవ ఎక్కండి. రేవులో మిమ్మల్ని పర్యాటకుల పడవ వైపు పిలుస్తారు, దానికి ధర ఎక్కువ.

ఇక రైలు దారి. విమానాశ్రయం రైలు అరగంటలో 45 బాత్‌లకే ఫయా థాయ్‌లో దింపుతుంది. అక్కడే బీటీఎస్. 1999 నుంచి నడుస్తున్న ఈ రైలులో చల్లగా కూర్చుని, కింద ఇరుక్కుపోయిన కార్లను చూడటం ఒక వినోదం. వానాకాలంలో దీని విలువ బాగా తెలుస్తుంది. కానీ బీటీఎస్‌కు, ఎంఆర్‌టీ అనే మరో మెట్రో రైలుకు టికెట్లు వేరు వేరు. రోజుకు నాలుగు ప్రయాణాలు చేస్తే గది అద్దెలో మిగిలింది స్టేషన్ గేటు దగ్గర పోతుంది. ముగ్గురు నలుగురు కలిసి వెళితే, రద్దీ లేని వేళ మీటరు టాక్సీయే చవక. పైగా స్టేషన్ దిగగానే ఎదురయ్యేవి మాల్స్. అవి చూడటానికైతే బ్యాంకాక్ దాకా ఎందుకు?

రెండు మూడు రోజుల మొదటి ప్రయాణమైతే నా ఓటు పాతబస్తీకే. రాత్రి బజార్లు, దుస్తుల కొనుగోళ్లు ముఖ్యమైతేనో, వెంట పెద్దవాళ్లు ఉంటేనో రైలు దారి.

శాకాహారులకు ఇంకో దారి చెబుతాను. ఇక్కడ కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పడుతుంది. పసుపు జెండా మీద ఎర్రటి థాయి అక్షరాలతో ‘జే’ అని రాసిన బండి దొరికితే గుడ్లు కూడా ఉండవు, కానీ అన్ని వీధుల్లో అది దొరకదు. ఎంఆర్‌టీ సామ్ యోట్ స్టేషన్ దగ్గర గది తీసుకుంటే భారతీయుల పాహురత్ బజారు నడకలోనే ఉంటుంది. బట్టల దుకాణాల మధ్య రొట్టె, పప్పు పెట్టే హోటళ్లు, గురుద్వారాలో లంగరు అనే ఉచిత భోజనం. పాతబస్తీ అంచునే ఉండటం వల్ల రైలూ దక్కుతుంది, నడకా దక్కుతుంది. ఈసారి వెళితే నా సంచి దిగేది అక్కడే.