అవ్వ తుంటి ఆపరేషన్: డాక్టరుకు ఐదు స్టార్లు, బిల్లింగ్ కౌంటర్‌కు ఒకటే

చంద్రగిరిలో మా ఇంటి పెరట్లో బట్టలుతికే రాయి దగ్గర మా అవ్వ జారి పడింది, 79 ఏళ్లు. కుడికాలు పొట్టిగా అయిపోయి పాదం బయటికి తిరిగిపోయింది. వెంటనే తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాం, పేరు రాయను.

ఎక్స్‌రే తీశారో లేదో, కౌంటర్‌లో ఒకాయన ఇంప్లాంట్‌కు (ఎముకలో అమర్చే పరికరం) రెండు రేట్లున్న కాగితం ముందు పెట్టి "ఇండియన్‌దా, ఇంపోర్టెడ్‌దా? పెద్దామె కదా, మంచిది వేయించండి" అన్నాడు. అసలు ఎక్కడ విరిగిందో మాకింకా ఎవరూ చెప్పలేదు! ఆ టెన్షన్‌లో మా నాయన సంతకానికి పెన్ను కూడా తీశాడు, నేనే ఆపాను.

డాక్టరుగారు మాత్రం బంగారం. ఫిల్మ్‌ను లైటుకు పెట్టి పెన్ను మొనతో గీత చూపిస్తూ చెప్పారు. తొడ ఎముక మెడ దగ్గర, అంటే తుంటి కీలులో తిరిగే గుండ్రటి తల కిందున్న సన్నటి భాగంలో, విరిగి పక్కకు జరిగితే పైనున్న తలకు రక్తం సరిగా అందదు, అందుకే ఈ వయసులో స్క్రూలతో అతకడం కన్నా సగం కీలు మార్చడమే మేలు, అందులో ఒక రకమే బైపోలార్. పడకముందు బాగా తిరిగే మనిషైతే మొత్తం కీలు మార్చడం గురించీ ఆలోచిస్తారు. అదే మెడ కింద ట్రోకాంటర్ అనే ఎముక ఉబ్బు దగ్గరైతే మామూలుగా కీలు మార్చే పని ఉండదు, ఎముక కుదురుగా ఉంటే పక్కన స్క్రూతో బిగించే డీహెచ్ఎస్ ప్లేటు చాలు, ముక్కలై నిలవకపోతే ఎముక లోపలికి దించే పీఎఫ్ఎన్ రాడ్డు. అవ్వకు విరిగింది మెడ దగ్గర. ఎముక గుల్లబారింది కాబట్టి సిమెంట్‌తో (ఎముకల ఆపరేషన్లకు వాడేది) బిగించే బైపోలార్ వేస్తామన్నారు, సిమెంట్ లేకుండా వేస్తే ఎముక లోపలికి దిగే దాని కాడ చుట్టూ ఎముక మళ్లీ చిట్లే భయం ఎక్కువట. సిమెంట్ పెట్టేటప్పుడు కొందరికి బీపీ పడిపోతుందని కూడా దాచకుండా చెప్పారు. 60 దాటినవాళ్ల మీద బ్రిటన్‌లో చేసిన పెద్ద పరిశోధనలోనూ సిమెంట్‌దే మేలని తేలిందట, 2022లో వచ్చింది, తర్వాత చదివాను.

మరుసటి రోజే ఆపరేషన్. ఆ తర్వాతి పొద్దున ఫిజియో అమ్మాయి అవ్వ రెండు చేతులూ వాకర్ మీద పెట్టించి నిలబెట్టింది, అవ్వ వేళ్లు తెల్లబడేలా పట్టుకుంది గానీ నాలుగడుగులు వేసింది.

ఇంటికి పంపేటప్పుడు ఇంప్లాంట్ స్టిక్కర్లు డిశ్చార్జ్ సమ్మరీలో అంటించలేదు, అడిగితేగానీ ఇవ్వలేదు. కంపెనీ, సైజు, లాట్ నంబరు (ఏ బ్యాచ్‌లో తయారైందో చెప్పేది) వాటి మీదే ఉంటాయి, రేపు మళ్లీ ఏదైనా అయితే అవే కావాలి. ఎముక గట్టిపడే మందు కూడా మేం అడిగాకే రాశారు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా అయితే రేటు కాగితం మీద సంతకం పెట్టకముందే ఎక్స్‌రే చూపించి ఎక్కడ విరిగిందో చెప్పమని డాక్టరునే అడగండి.