ఒకే బటన్‌తో ఆన్, ఆఫ్: మూడు సర్క్యూట్లు, నాలుగేళ్ల వాడకం

ఒకసారి నొక్కితే వెలగాలి, మళ్లీ నొక్కితే ఆరాలి. ఇంతే కదా అని మొదలుపెట్టాను. నాలుగేళ్లలో మూడు రకాలుగా కట్టాను. మూడూ బ్రెడ్‌బోర్డ్ (సోల్డర్ లేకుండా గుచ్చి చూసుకునే పలక) మీద మొదటిరోజే పనిచేశాయి. అసలు రంగు వాడకంలో బయటపడింది.

మొదటిది 555 టైమర్ ఐసీతో, 9 వోల్టుల బ్యాటరీ మీద నడిచే చిన్న ఎల్‌ఈడీ దీపానికి. 2, 6 పిన్నులు కలిపి, రెండు 10 కిలో ఓమ్ రెసిస్టర్లతో సప్లైలో సగం వోల్టేజీ దగ్గర నిలబెడతాం. 555 మారేది మూడో వంతు కంటే కిందికి దిగినా, మూడింట రెండు వంతులు దాటినా మాత్రమే కాబట్టి, సగం దగ్గర ఉన్నంతసేపూ పాత స్థితిలోనే ఉంటుంది. 3వ పిన్ను (అవుట్‌పుట్) నుంచి 100 కిలో ఓమ్ ద్వారా 1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌కు చార్జ్ వెళ్తుంది. బటన్ నొక్కితే ఆ కెపాసిటర్ 2, 6లకు తగులుతుంది. దీపం వెలుగుతుంటే కెపాసిటర్ నిండుగా ఉంటుంది, పిన్నులను పైకి నెట్టి ఆర్పేస్తుంది. ఆరి ఉంటే ఖాళీగా ఉంటుంది, కిందికి లాగి వెలిగిస్తుంది. బటన్ లోపలి రేకు ఎంత టకటకలాడినా ఫరవాలేదు, మొదటి తాకిడికే పని అయిపోతుంది. ముచ్చటైన సర్క్యూట్.

కానీ వారం తిరక్కుండానే బ్యాటరీ అయిపోయింది. ఆ వారంలో దీపం వెలిగించింది మహా అయితే గంట. మీటర్ పెట్టి చూస్తే, ఆఫ్‌లో ఉన్నప్పుడు 5 మిల్లీ ఆంపియర్లకు పైగా లాగుతోంది. దీపం ఆరింది గానీ 555 నిద్రపోలేదు. తక్కువ కరెంట్‌తో నడిచే సీమాస్ రకం 7555 వేసి, పనిలో పనిగా ఆ రెండు 10 కిలో ఓమ్‌ల స్థానంలో 1 మెగా ఓమ్‌లు పెట్టాను. అక్కడ తెలివి ఎక్కువైంది. బటన్ నొక్కి పట్టుకుంటే దీపం మిణుకుమిణుకుమనడం మొదలైంది. కారణం తట్టడానికి ఒక సాయంత్రం పట్టింది: సగం వోల్టేజీ దగ్గర పట్టుకోవాల్సిన జంట ఇప్పుడు బలహీనం, 3వ పిన్ను నుంచి వచ్చే 100 కిలో ఓమ్ దానికంటే బలంగా లాగుతోంది. చివరికి జంట 100 కిలో ఓమ్, చార్జ్ చేసేది 1 మెగా ఓమ్, కెపాసిటర్ 0.1 మైక్రోఫారడ్ దగ్గర సర్దుకున్నాను. ఆఫ్ కరెంట్ 0.15 మిల్లీ ఆంపియర్ దగ్గరికి దిగింది. 7555 అంత కరెంట్ బయటికి ఇవ్వలేదు కాబట్టి ఎల్‌ఈడీలకు ఒక బీసీ 547 ట్రాన్సిస్టర్ కలిపాను. ఇంతా చేస్తే, బటన్‌కు రెండు అడుగుల వైరు ఉండటంతో, గదిలో ఫ్యాన్ స్విచ్ వేసినప్పుడు దీపం దానంతటదే వెలిగేది. వైరు కురచ చేశాకే ఆగింది.

రెండోది సీడీ 4013 ఫ్లిప్-ఫ్లాప్ ఐసీ. సోల్డరింగ్ పొగ లాగే ఫ్యాన్‌కు, రిలే (కరెంట్‌తో కదిలే స్విచ్)తో. 2వ పిన్నును 5కు కలిపి, 3వ పిన్నుకు (క్లాక్) బటన్ ఇస్తే చాలు, ప్రతి నొక్కుకూ స్థితి మారుతుంది. బటన్ అదురుడు పోవాలని క్లాక్ దగ్గర రెసిస్టర్, కెపాసిటర్ వేశాను. ఇంకా పెంకిగా తయారైంది, ఒక నొక్కుకు రెండుసార్లు మారేది. 4013 క్లాక్‌కు అంచు చురుగ్గా రావాలి, నింపాదిగా ఎక్కే వోల్టేజీ దానికి పడదు. మధ్యలో, నింపాది అంచును చురుగ్గా మార్చే సీడీ 40106 ష్మిట్ గేటు ఒకటి పెట్టాక సద్దుమణిగింది. వాడని ఇన్‌పుట్లు గ్రౌండ్‌కు కలపడం, రిలే కాయిల్‌కు అడ్డంగా 1ఎన్ 4007 డయోడ్ వేయడం తెలిసిన సంగతులే. కరెంట్ పోయి వస్తే ఫ్యాన్ ఆన్‌లో లేస్తుందో ఆఫ్‌లో లేస్తుందో చెప్పలేం. అందుకే ఎప్పుడూ ఆఫ్‌లోనే లేచేలా 4వ పిన్నుకు (రీసెట్) సప్లై నుంచి 0.1 మైక్రోఫారడ్, గ్రౌండ్‌కు 100 కిలో ఓమ్ ఇచ్చాను. అప్పటి నుంచి ఫిర్యాదు లేదు.

ఇప్పుడు రోజూ చేతిలో ఉండేది మూడోది: ఒక పీ-చానల్ మాస్ఫెట్ (గేటు అనే కాలును కిందికి లాగితే కరెంట్ వదిలే ట్రాన్సిస్టర్), ఒక బీసీ 547. ఐసీయే లేదు. మాస్ఫెట్ కరెంట్ వదిలితే అవుట్‌పుట్ నుంచి 547 బేస్‌కు కాస్త అందుతుంది, 547 గేటును కిందికి పట్టి ఉంచుతుంది. ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డ ఇద్దరిలా అన్నమాట. బటన్ నొక్కినప్పుడు కెపాసిటర్ వచ్చి ఆ పట్టును వేయిస్తుంది లేదా విడిపిస్తుంది. ఆఫ్ చేశాక నా మీటర్ మైక్రోఆంపియర్ రేంజిలో కూడా సున్నానే చూపిస్తుంది. దీపాన్ని దీని మీదికి మార్చాక బ్యాటరీ ఎప్పుడు మార్చానో గుర్తులేదు.

దీనికీ పేచీలున్నాయి. ఇదే సర్క్యూట్ చిన్న యాంప్లిఫయర్‌కు వాడితే ఆఫ్ అయినట్టే అయి మళ్లీ లేచేది. యాంప్లిఫయర్ లోపలి 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఖాళీ అయ్యేలోపే 547 బేస్‌కు మళ్లీ కరెంట్ అందుతోంది మరి. లోడ్‌కు వెళ్లే దారిలో ఒక డయోడ్ వేసి, బేస్ కనెక్షన్ దానికి ముందు నుంచి తీసుకుంటే కుదిరింది. మాస్ఫెట్ ఎంపికలోనూ ఒకసారి దెబ్బతిన్నాను. ఐఆర్‌ఎఫ్ 9540 నా 9 వోల్టుల దీపానికి సరిపోయింది గానీ, ఒక్క లిథియం సెల్ ఇచ్చే 3.7 వోల్టులకు సరిగా తెరుచుకోలేదు. అక్కడ ఏఓ 3401 లాంటి, తక్కువ వోల్టేజీకే తెరుచుకునే లాజిక్ లెవెల్ రకం వేయాల్సిందే. అది బియ్యపుగింజంత, సోల్డర్ చేస్తుంటే ఒకటి ఎగిరి కార్పెట్‌లో పడింది, ఇప్పటికీ దొరకలేదు.

ఇంకొకటి, బ్యాటరీ పెట్టిన క్షణంలో దీపం ఒక్కోసారి దానంతటదే వెలిగేది. మాస్ఫెట్ గేటుకూ, సప్లై తగిలే సోర్సుకూ మధ్య 0.1 మైక్రోఫారడ్ వేశాక ఆ అలవాటు పోయింది.